ఒకే గుమ్మం, రెండు రకాల సేవ: మా పోలీసు స్టేషన్ పనితీరుపై సమీక్ష

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది నెల్లూరు జిల్లా తీర మండలాల్లోని ఒక పోలీసు స్టేషన్ ప్రజలకు అందిస్తున్న సేవను. గత ఏడాది వేసవిలో ఒక దొంగతనం విషయమై నేను ఫిర్యాదుదారుగా ఆ గుమ్మం ఎక్కాను. మూడు రోజుల తరువాత అదే విషయంలో అనుమానితుడిగా నా చెరువు కాపలాదారును అదే గుమ్మంలోంచి లోపలికి తీసుకుపోయారు. మా ఇద్దరికీ అందిన సేవ ఒకటి కాదు కాబట్టి, నాకు జరిగిన మర్యాదను మాత్రమే రాసి ఊరుకుంటే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. స్టేషన్ పేరు, అధికారుల పేర్లు కావాలనే రాయడం లేదు. విచారణ ఇంకా ఒక చోట నడుస్తోంది, పైగా నేను చెప్పదలచుకున్నది ఒక మనిషి మంచి చెడ్డల గురించి కాదు.

మాకు సముద్రానికి దగ్గరగా ఆరు ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. పట్టుబడి అయిపోయి ఎండబెట్టిన చెరువు గట్టు మీద చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు నాలుగు, చుట్టలు చుట్టిన కేబులు ఉంచాము. కాపలాదారు ఆ రాత్రి అవతలి చెరువు దగ్గర మేత చూసుకుంటున్నాడు. తెల్లవారేసరికి మోటార్లూ లేవు, కేబులూ లేదు. మోటారు లోపలి రాగి తీగకు పాత ఇనుము కొట్టులో వచ్చే డబ్బు కోసం మా ప్రాంతంలో ఇలాంటి దొంగతనాలు తరచుగా జరుగుతున్నాయి.

ముందుగా బాగున్నది చెప్పాలి. స్టేషన్ ముందు గదిలో రిసెప్షన్ బల్ల ఉంది, దాని దగ్గర ఒక మహిళా కానిస్టేబుల్ ఉన్నారు. కూర్చోమన్నారు, మంచినీళ్లు చూపించారు, నేను రాసుకువెళ్లిన ఫిర్యాదును మొదటి నుంచి చివరి దాకా చదివి, ఆఖరుసారి మోటార్లను చూసిన సమయం రాయలేదని గుర్తు చేసి, అదే కాగితం మీద చేర్పించారు. పదిహేనేళ్ల కిందట మా నాన్నగారితో కలిసి అదే స్టేషన్‌కు పొలం గట్టు తగాదా గురించి వెళ్లినప్పుడు రెండు గంటలు వేపచెట్టు కింద నిలబడ్డాము. ఆ రోజుతో పోల్చుకుంటే ఇది నిజమైన మార్పు. ఆ కానిస్టేబుల్ గారి ఓపికకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞుడిని.

చిక్కు ఆ తరువాత మొదలైంది. ఫిర్యాదు తీసుకున్నారు కానీ రశీదు ఇవ్వలేదు. కేసు కట్టమని అడిగితే, ఇప్పుడే ఎందుకండీ, పిటిషన్‌గా ఉంచుకుని విచారిస్తాం, మోటార్లు దొరికితే మీకు కోర్టు చుట్టూ తిరిగే బాధ ఉండదని స్టేషన్ రాతపని చూసే రైటర్ నచ్చచెప్పారు. మాట సానుభూతితోనే అన్నారు కాబట్టి నేనూ తలూపాను. స్టేషన్లకు అలవాటు లేని చాలామంది ఇక్కడే పొరబడతారు. విచారణార్హమైన నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం, జరిగిందని సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం పోలీసుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయం కాదని, అది తప్పనిసరి విధి అని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో మాత్రం, డీఎస్పీ ముందస్తు అనుమతితో, 14 రోజులకు మించకుండా ప్రాథమిక విచారణ జరుపుకునే వీలు ఇచ్చింది. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి నా ఫిర్యాదు ఆ కోవలోకి రావచ్చు. కానీ అలాంటి అనుమతి అడిగినట్టు గానీ, పొందినట్టు గానీ ఎక్కడా లేదు. ఎఫ్‌ఐఆర్ కడితే దానికొక నంబరు ఉంటుంది, దాని ప్రతి ఒకటి కోర్టుకు వెళుతుంది, మరొకటి ఉచితంగా ఫిర్యాదుదారు చేతికి వస్తుంది. పిటిషన్ మాత్రం బల్ల సొరుగులో ఉంటుంది. సొరుగులో ఉన్న కాగితం ఆధారంగా ఎవరిని పిలిచినా, ఎంతసేపు కూర్చోబెట్టినా అడిగే వారుండరు.

ఎవరి మీదైనా అనుమానం ఉందా అని వారు అడిగినప్పుడు నేను లేదన్నాను. రాత్రిపూట అక్కడ ఎవరుంటారని అడిగితే కాపలాదారు పేరు చెప్పాను. అది ఒక సమాచారంగా చెప్పిన మాట. అతను యానాది తెగ మనిషి అని వారికి ఊరి పేరుతోనే అర్థమైంది. నా కాగితంలో లేని అనుమానం ఆ క్షణాన ఎక్కడో మనసులో రాసుకున్నారని నాకు మూడు రోజుల తరువాత గానీ తెలియలేదు. ఆ పేరు అంత తేలికగా చెప్పినందుకు ఈ రోజుకీ నాకు బాధగానే ఉంది.

మూడో రోజు రాత్రి తొమ్మిది దాటాక అతని భార్య మా ఇంటికి వచ్చింది. “సామీ, సాయంత్రం బండి మీద వచ్చి ఒకసారి స్టేషన్‌కు రమ్మని ఆయన్ను ఎక్కించుకుపోయినారు, ఇంతవరకు పంపలేదు” అని చెప్పింది. నేను వెంటనే వెళ్లాను. అతను వెనక గదిలో నేల మీద కూర్చుని ఉన్నాడు. అరెస్టు చేశారా అని అడిగితే లేదన్నారు. మరి పంపించండి అంటే, ఊరికే నాలుగు మాటలు అడగడానికి పిలిచాం, పొద్దున్నే పంపిస్తాం, మీ మంచికే కదా అన్నారు. అరెస్టూ కాని, స్వేచ్ఛా కాని ఆ మధ్య స్థితికి మన చట్టంలో పేరు లేదు. మన ఊళ్లలో మాత్రం ఉంది, ‘స్టేషన్‌లో కూర్చోబెట్టారు’ అంటాము, వర్షం వచ్చింది అన్నంత మామూలుగా అంటాము.

చట్టం ప్రకారం అందాల్సిన సేవ ఏమిటో ఇక్కడ కొంచెం వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే ఆ రాత్రి నాకు ఇందులో సగం కూడా తెలియదు. సాక్షిగా ఒకరిని పిలవాలంటే అదే సంహితలోని 179వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి, నోటి మాట చాలదు. స్త్రీలను, పదిహేనేళ్ల లోపు, అరవై ఏళ్లు పైబడిన పురుషులను వారు నివసించే చోటనే ప్రశ్నించాలి తప్ప స్టేషన్‌కు రమ్మనకూడదు. అనుమానితుడిగా పిలిస్తే, ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు 35వ సెక్షన్ మూడో ఉపవిభాగం కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. స్టేషన్లలో ఇప్పటికీ పాత అలవాటు ప్రకారం ‘41ఏ నోటీసు’ అంటారు, అదే ఇది. అరెస్టే చేస్తే కారణం చెప్పాలి, మెమో రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో ఊరి పెద్దో సాక్షి సంతకం చేయాలి, బంధువుకు తెలియజేయాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆఖరిది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. మెమో, సాక్షి సంతకం, అధికారి చొక్కా మీద పేరు స్పష్టంగా కనిపించడం వంటివి 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చి ఇప్పుడు చట్టంలో భాగమయ్యాయి. ఎవరిని అరెస్టు చేశారో, ఏ నేరం కిందనో, ప్రతి స్టేషన్‌లో అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని 37వ సెక్షన్ చెబుతోంది. ఆ స్టేషన్‌లో బోర్డు ఉంది. ఆ రాత్రి దాని మీద అతని పేరు లేదు, అరెస్టు చేయలేదు కాబట్టి. బయట వేపచెట్టు కింద కూర్చున్న అతని భార్యకు చూపించడానికి ఒక్క అక్షరం కూడా ఎక్కడా లేదు.

నేను ఒక న్యాయవాది మిత్రుడికి ఫోన్ చేశాను. ఆయన సలహా మీద, నోటీసు ఇచ్చారా, స్టేషన్ రోజువారీ వివరాలు రాసే జనరల్ డైరీలో రాశారా అని మాత్రమే మర్యాదగా అడిగాను. ఆ రెండు ప్రశ్నలకు గదిలో మాటల తీరు మారిపోయింది. మీరు ఫిర్యాదుదారా, అతని తరఫు మనిషా అని ఎదురు ప్రశ్న వచ్చింది. ఇందులో ఏ ఒక్కటీ కాకుండా ఒక మనిషి అడగవచ్చునన్న ఆలోచన అక్కడ ఎవరికీ ఉన్నట్టు లేదు. మరునాడు మధ్యాహ్నం అతన్ని పంపారు, తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుని. అతను మూడు రోజులు గట్టు మీద నడవలేదు. ఎందుకని అడిగితే తల పక్కకు తిప్పుకున్నాడు. ఆసుపత్రికి పోదామంటే వద్దన్నాడు. బలవంతం చేయకుండా ఆగిపోవడం పొరపాటని నాకు తరువాత తెలిసింది. వైద్య పరీక్ష కాగితం లేకపోతే ఆ తరువాత ఏ విచారణలోనూ అతని మాటకు ఆధారం దొరకదు. ఇది చదివేవారు ఎవరైనా నా స్థానంలో ఉంటే, ముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లండి.

మోటార్లు పోతే మొదట అతనే ఎందుకు గుర్తొచ్చాడన్నది చిన్న ప్రశ్న కాదు. 1871లో బ్రిటిష్ వారు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా లెక్కగట్టింది. మన జిల్లాలో కావలి దగ్గర, బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్లు పెట్టి, హాజరు వేయించుకుంటూ మనుషులను కాపలాలో బతికించారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. ఎరుకల, యానాది కుటుంబాల మీద అనుమానం మాత్రం రద్దు కాలేదు. పోలీసుల మనసులోనే కాదు, మా రైతుల మనసుల్లోనూ కాలేదు, చెరువు మీద ఏది పోయినా ముందు కాపలాదారు గుడిసె వెతికే అలవాటు మాది. 2024 అక్టోబరు 3న జైళ్లలో కుల వివక్షపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఒకప్పుడు ఆ చట్టం కింద నేరస్థులుగా ముద్రపడిన విముక్త జాతుల వారిని ఇష్టానుసారం అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ప్రత్యేకంగా ఆదేశించింది. ఆ తీర్పు ప్రతి ఒకటి తెలుగులో అచ్చువేసి ప్రతి స్టేషన్ గోడకు అంటించాలన్నది నా కోరిక.

తరువాతి సోమవారం నెల్లూరులో జిల్లా ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లాను. ఈ సేవ గురించి బాగా చెప్పాలి. వచ్చిన వారందరినీ వరుసగా కూర్చోబెట్టారు. రాయలేని వారికి అర్జీ రాసిపెట్టే ఏర్పాటు ఉంది. నాకు నంబరుతో రశీదు ఇచ్చారు. నేను రెండు విషయాలు విడివిడిగా రాశాను: దొంగతనంపై కేసు నమోదు చేయలేదన్నది ఒకటి, నోటీసు లేకుండా ఒక గిరిజనుడిని రాత్రంతా ఉంచుకున్నారన్నది మరొకటి. స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపుకునే హక్కు 173వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ఇచ్చిందే, అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. నాకు అంత దూరం అవసరం కాలేదు. మూడో రోజున స్టేషన్ నుంచే ఫోన్ వచ్చింది, ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకువెళ్లమని. అంతవరకు సాధ్యం కానిది రశీదు నంబరు పడ్డాక మూడు రోజుల్లో అయిందంటే, సిబ్బంది కొరత మీదకు నెట్టే కారణాలను నేను పూర్తిగా నమ్మలేను.

అదే రోజు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కాపలాదారు దంపతులను తీసుకువెళ్లాను. షెడ్యూల్డ్ తెగల వారికి, స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా వివరం చెబుతారు. అక్కడి న్యాయవాది ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చెప్పిన క్రమంలోనే, ఆమె మాటల్లోనే రాసుకున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆమెను ఒకరు పేరుతో పిలిచి మాట్లాడడం అదే మొదటిసారి. ఈ సేవ గురించి నలుగురికీ తెలియకపోవడం ఒక్కటే లోటు.

ఎఫ్‌ఐఆర్ తరువాతి దర్యాప్తు చక్కగానే సాగింది. వేరే అధికారి వచ్చారు. కాపలాదారు వాంగ్మూలాన్ని గట్టు మీద అతని గుడిసె ముందే, భార్య ఎదుటే తీసుకున్నారు, ఫోనుతో వీడియో కూడా తీశారు. అతను చెప్పిన ఒక వివరమే, రెండు రోజుల ముందు మోటార్లు చూడడానికి వచ్చిన మెకానిక్ సంగతి, చివరికి దారి చూపింది. పట్టణంలోని ఒక పాత ఇనుము కొట్టులో రెండు మోటార్ల బాడీలు దొరికాయి. రాత్రంతా కూర్చోబెట్టినా రాని సమాచారం గౌరవంగా అడిగిన అరగంటలో వచ్చింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపు ఫిర్యాదుదారుకు తెలపాలన్న 193వ సెక్షన్ నిబంధన కూడా పాటించారు, ఫోనుకు సందేశం వచ్చింది.

రెండో అర్జీ సంగతి అంత తేలికగా తేలలేదు. నిర్బంధం గురించి విచారణ జరిపిన అధికారి, ఆరోపణకు ఆధారాలు లేవని నివేదిక ఇచ్చారు. ఆధారం ఉండవలసిన చోటు ఒకటుంది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి పోలీసు స్టేషన్‌లో గేటు, లాకప్‌లు, వరండా, రిసెప్షన్, అధికారుల గదులు, వెనక భాగంతో సహా కెమెరాలు ఉండాలని, రికార్డింగును 18 నెలలు, అది వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. ఇక్కడ కెమెరా ఉందని, హక్కుల ఉల్లంఘన జరిగితే మానవ హక్కుల కమిషన్‌కు, కోర్టుకు, ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చునని గుమ్మం దగ్గర ప్రాంతీయ భాషలో పెద్ద బోర్డు కూడా పెట్టాలి. నేను చూసిన స్టేషన్‌లో ముందు గదిలో కెమెరా ఉంది, బోర్డు లేదు. వెనక గదిలో కెమెరా ఉందో లేదో ఆ రాత్రి నాకు చూడాలని తోచలేదు. సమాచార హక్కు చట్టం కింద ఆ రెండు రోజుల రికార్డింగు అడిగితే, సాంకేతిక కారణాల వల్ల అందుబాటులో లేదని సమాధానం వచ్చింది. అదే 2020 జూలైలో, అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాలలో, మాస్కు విషయమై పోలీసులు ఆపిన ఒక యువకుడు చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, కొట్టడం వల్లేనని కుటుంబం చెప్పారు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ కెమెరా నిజాయితీగల పోలీసును కూడా కాపాడుతుంది. అది పనిచేయకపోతే నష్టపోయేది బాధితుడు ఒక్కడే కాదని శాఖలోని మంచి అధికారులే గట్టిగా అడగాలి.

ఒంగోలులో ఉండే మా చెల్లెలి అనుభవం రెండు మాటల్లో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అది ఈ సేవ ఎలా ఉండగలదో చూపిస్తుంది. ఆమె బండి పోతే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపింది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినదానిపై మూడు రోజుల లోపు సంతకం చేయాలి, మరునాడే వెళ్లి చేసింది, ఎఫ్‌ఐఆర్ ప్రతి చేతికి వచ్చింది. ఎవరినీ ఊరికే పిలవలేదు, ఎవరినీ కూర్చోబెట్టలేదు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసు తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పేరును 1972లో పెట్టుకున్న జిల్లా అది. ఒక మామూలు గృహిణి భయం లేకుండా ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లి పని ముగించుకు రావడం నాకు ఆ పేరుకు తగిన మర్యాదగా కనిపించింది.

నక్షత్రాలు వేయమంటే, రిసెప్షన్‌కు నాలుగు, సోమవారం వేదికకు నాలుగు, న్యాయ సేవాధికార సంస్థకు అయిదు, ఎఫ్‌ఐఆర్ తరువాతి దర్యాప్తుకు నాలుగు వేస్తాను. ఆ రాత్రి వెనక గదికి ఒక్కటి కూడా వేయలేను. మొత్తం కలిపి సగటు తీయడం నాకు ఇష్టం లేదు, నేల మీద కూర్చున్న మనిషి రాత్రిని నా కుర్చీతో, మంచినీళ్లతో కలిపి భాగించడం అన్యాయం. ఈ స్టేషన్‌కు వెళ్లవలసి వచ్చేవారు ఫిర్యాదు రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోకుండా రావద్దు. పిటిషన్‌గా ఉంచుతామంటే డీఎస్పీ అనుమతి ఉందా అని అడగండి. మీ దగ్గర పనిచేసే మనిషి పేరు చెప్పవలసి వస్తే, అతన్ని నోటీసుతోనే పిలవాలని అదే ఫిర్యాదులో ఒక వాక్యం రాయండి. నేను రాయలేదు.

కాపలాదారు ఇప్పుడు కూడా మా చెరువుల మీదే ఉన్నాడు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాది లోపు చేయాలి కాబట్టి, న్యాయవాది సాయంతో అతని భార్య పేరు మీద గడువు లోపలే పంపాము. దాని మీద సమాధానం వచ్చిన రోజున, అది ఎలా ఉన్నా సరే, ఈ సమీక్షలో చేరుస్తాను.